మెడ మీద కత్తి

రాండ్రా పిల్లోళ్ళూ, మంటకాడికి జరగండి. మా అయ్యవారు బడిలో ఓ కథ చెప్పేవాడు. సిరాక్యూజ్ అనే ఊళ్ళో డయొనీసియస్ అని రాజు. డమోక్లిస్ అనేవాడు ఆయన్ని పొగిడి పొగిడి, నీ అంత సుఖపడేవాడు ఎవడున్నాడయ్యా అన్నాడంట. అయితే ఓ పూట నా గద్దె మీద కూర్చోమన్నాడు రాజు. ఎదురుగా విందు. తలెత్తితే గుర్రపు వెంట్రుకకు కట్టిన కత్తి నెత్తి మీద వేలాడతా ఉంది. ఇంకేం తింటాడు? నన్ను పోనీయండి సామీ అని బతిమాలుకున్నాడు.

డమోక్లిస్ అదృష్టవంతుడు, లేచి వెళ్ళిపోయాడు. మాకా దోవ లేకపాయె.

1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం నీళ్ళు నల్లమల కింద 18.8 కిలోమీటర్ల సొరంగాల్లో రావాల. సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల కాడ కొండల సందులకు కట్టలేసి నిలబెట్టాల. ఆ కట్టల లోపలే మన ఊళ్ళు. నీళ్ళొద్దని మేమెవరం అనలా. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగినోళ్ళను కళ్ళారా చూసినోళ్ళమే గదా. ఎప్పుడు లేవాలో చెప్పమన్నాం, అంతే. ఒకాయనొచ్చి వచ్చే ఏడంటాడు, ఇంకొకాయన ఇప్పట్లో కాదంటాడు.

మునిగే ఇంటిని ఎవడు బాగుచేసుకుంటాడు? మన ఉత్తరపు గోడ వానకు ఉబ్బింది. మేస్త్రీని పిలుద్దామనుకోవడం, మునిగేదానికి ఎందుకులే అని ఊరుకోవడం. రెండు మొద్దులు ఆనించి పెట్టాం. ఆ మొద్దులకు చెదలు పట్టి, వాటినీ మార్చాం గానీ గోడ జోలికి పోలేదు. బత్తాయి మొక్కలు పెడదామంటే, కాపుకొచ్చేసరికి ఎవరి పాలో అనేది మీ అవ్వ. పిల్లనివ్వడానికొచ్చినోళ్ళు మంచినీళ్ళన్నా తాగకముందే, మీది ముంపు ఊరంట గదా అనేవాళ్ళు. 2024 జనవరికిగానీ రెండో సొరంగం తవ్వడం అయిపోలేదు. అన్నేళ్ళూ అట్లనే బతికాం.

కరువుకు మనం బెదరలా. వాన లేని ఏడు వలసపోయి, పడిన ఏడు తిరిగొచ్చి దుక్కి దున్నుకున్నాం. గడువు తెలిసిన కష్టానికి మనిషి నడుం కట్టుకుంటాడు. గడువు లేని భయమే ఇంటినీ, చేనునూ, మనిషినీ లోపల్నించి తినేస్తది.

రేపు మీలో ఎవరన్నా ఆఫీసర్లయితే, ఒకరి భూమి మీద గీత గీసే ముందు మూడు ముక్కలు చెప్పండి: ఏ రోజుకు లేవాల, ఎక్కడికి పోవాల, చేతికి ఎంతొస్తది. ఆ మూడూ చెప్పలేకపోతే గీత గీయబాకండి.