కోనసముద్రపు ఉక్కు - పేటెంటు చిక్కు

విశాఖపట్టణములో ఎవరైనను నేడొక క్రొత్త మిశ్రమలోహము చేసినచో, పేటెంటు దరఖాస్తు చెన్నై కార్యాలయమునకు పోవును. అచ్చటి పరీక్షాధికారి రెండు సంగతులు చూచును. ఇది క్రొత్తదా? క్రొత్తదైనను, పని తెలిసినవానికి ఇట్టే తట్టునది కాదా? చిక్కంతయు రెండవదానిలోనే.

పని తెలిసినవాడనగా ఎవరు? నిజామాబాదు జిల్లా కోనసముద్రములో కమ్మరులు రెండు ఊళ్ళ ఇనుమును కలిపి, మట్టిమూసలో కరగించి ఉక్కు చేసెడివారు. దానికై పారసీక వర్తకులు అంత దూరము వచ్చెడివారు. ఆ పనిని కన్నులార చూచిన వాయిజీ వర్ణన 1832లో అచ్చయినది.

ఇనుమును బొగ్గువంటి పదార్థముతో మూసలో కరగించి ఉక్కు చేయుటకు 1800లో డేవిడ్ ముషెట్ ఇంగ్లండులో పేటెంటు పొందెను. ఇనుముతోపాటు కట్టెముక్కలు, పచ్చి ఆకులు మూసలో పెట్టు దక్షిణదేశపు పద్ధతిలోనిదియు ఆ సూత్రమేయని హీత్ 1839లో వ్రాసెను. అయిననేమి, నాటి చట్టమునకు ఇంగ్లండులో క్రొత్తదైన చాలును! మన కమ్మరి తెలివి లెక్కకు రాలేదు.

మన 1970 చట్టము ప్రకారము, కలిపిన వస్తువుల గుణములు ఊరక కూడిన మిశ్రమము ఆవిష్కరణ కాదు. 2002 సవరణతో సంప్రదాయ జ్ఞానమునకును పేటెంటు లేదు. క్రోమియము కలిపిన ఉక్కునకు తుప్పు తగ్గునని అందరెరిగినదే. ఏదో ఒక పాళ్ళలో ఎవరును ఊహింపని ఫలితము వచ్చినచో, దానిని అంకెలతో చూపవలసినవాడు దరఖాస్తుదారుడే.