బండి నిలిచే చోటు

హైదరాబాద్ తిండి చరిత్ర అనగానే మనం నేరుగా నిజాం వంటింట్లోకి వెళ్లిపోతాం. ఫుట్‌పాత్ పక్కన నిలబడి తినే ఇడ్లీకీ, మిర్చి బజ్జీకీ కూడా ఒక చరిత్ర ఉంది. అది చాలావరకు రోడ్ల చరిత్ర.

1908 మూసీ వరద తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసేసి రోడ్లు వెడల్పు చేసింది. పత్తర్‌గట్టీలో వరసగా రాతి దుకాణాలు కట్టించింది. 1935లో మొజంజాహీ మార్కెట్ వచ్చింది. ఆ ప్లానింగ్‌ని ఇప్పటికీ మెచ్చుకుంటాం, మెచ్చుకోవాల్సిందే. కానీ చోటు దొరికింది గోడలున్న దుకాణానికి. చక్రాలున్న బండి ఇవాళ్టికీ ఆ దుకాణాల ముందు మిగిలిన కాస్త జాగాలోనే సర్దుకుంటోంది.

1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక మాదాపూర్‌లోనూ ఇదే కథ. క్యాంపస్ ప్లాన్‌లో ఫుడ్ కోర్టు ఉంటుంది, గేటు బయటి టిఫిన్ బండి ఉండదు. సెక్యూరిటీ గార్డులు, క్యాబ్ డ్రైవర్లు, హౌస్‌కీపింగ్ వాళ్లు, ఫుడ్ కోర్టు రేట్లు చూసి వెనక్కి తిరిగిన ఫ్రెషర్లు మాత్రం తినేది ఆ బండి దగ్గరే.

మరి చట్టం ఏమంటోంది? 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, నియమాలకు లోబడి వీధిలో అమ్ముకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కేనంది. ఫలానా చోటే కావాలని అడిగే హక్కు మాత్రం లేదంది. చిక్కంతా ఇక్కడే. బండికి చోటే ఆస్తి. నాలుగు వీధులు అవతలికి జరిపితే రోజూ వచ్చే గిరాకీ వెంట రాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ఈ సంగతి కొంత గుర్తించింది. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి.

2024 జనవరిలో మాదాపూర్‌లో, యూట్యూబ్ వీడియోలు చూసి జనం ఎగబడ్డ ఒక భోజనం స్టాల్‌ని ట్రాఫిక్ కారణంగా పోలీసులు మూయించారు. ముఖ్యమంత్రి జోక్యంతో అదే చోట మళ్లీ తెరుచుకుంది. అందరం సంతోషించాం. ట్రాఫిక్ జామ్ కూడా నిజమే, ఫుట్‌పాత్ నడిచేవాళ్లదీ నిజమే. అలాంటి తగవు తీర్చడానికే కదా ఆ చట్టం, ఆ కమిటీ? వైరల్ అయిన స్టాల్‌కి ముఖ్యమంత్రి దొరికారు. ఎవరూ వీడియో తీయని బండికి దిక్కెవరు? దయతో దక్కిన చోటు, ఆ దయ తప్పిన రోజు పోతుంది.

ఈసారి ప్లేటు ఇడ్లీ తీసుకున్నప్పుడు అడిగి చూడండి: అన్నా, నీకు సర్టిఫికెట్ ఉందా? ఉంటే, అది ఈ చోటుకేనా?