తిరగలిపిడియు వేకువ స్మరణయు

బెంగుళూరు నగరమునకు ఆగ్నేయమున, హోసూరు బాటకును సర్జాపురము బాటకును నడుమ, నగరాభివృద్ధి సంస్థవారు పొలములను గుంటలను కొలిచి యేడు సెక్టార్లుగా విభజించి నిర్మించిన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్టు వయస్సున చిన్నదియే గాని దాని నేల మిక్కిలి పాతది. దాని యంచున నున్న అగర గ్రామమున దొరకిన గంగరాజుల కాలపు శాసనము, క్రీ.శ. 870 ప్రాంతమున ఇరుగమయ్య యనువాడు చెరువులకు తూములు కట్టించిన సంగతిని నేటికిని చెప్పుచున్నది. ఆ చెరువుగట్టున తెలుగుమాట వినబడని యుదయము లేదు. అనంతపురమునుండియు, కడప కర్నూలు చిత్తూరులనుండియు, ఇంకను దూరపు జిల్లాలనుండియు ఉద్యోగార్థమై వచ్చి యిచ్చట నిలిచినవారిలో ముసల్మానులును పలువురు కలరు. ఇంట కొందరు తెలుగే మాటలాడుదురు, కొందరు దక్కనీ మాటలాడుదురు, పెక్కుమంది రెంటిని కలిపి మాటలాడుదురు. వీరు దినమును మొదలిడు తీరునకు దీర్ఘమైన చరిత్ర కలదు. ఆ చరిత్ర పండితుల గ్రంథములలో ఎంత కలదో, పనిచేసి కాయలు కాచిన చేతులలో అంతకంటె నెక్కువగా కలదని నా నమ్మకము.

ఇస్లామునందు ప్రాతఃప్రార్థనకు, అనగా ఫజ్ర్ నమాజునకు, వేళను నిర్ణయించునది తూర్పుదిక్కు. తెల్లవారకమునుపు మొదట తూర్పున నిట్టనిలువుగా ఒక వెలుగు లేచి, కొంతసేపు నిలిచి, మరల చీకటిలో కలిసిపోవును. అరబ్బులు దానిని తోడేలి తోకతో పోల్చిరి, శాస్త్రజ్ఞులు ‘సుబ్హె కాజిబ్’, అబద్ధపు వేకువ, అనిరి. అటుపిమ్మట దిగంతము పొడవునను అడ్డముగా పరచుకొని, తరుగక పెరుగుచు పోవు వెలుగే ‘సుబ్హె సాదిఖ్’, నిజమైన వేకువ. బెంగుళూరున అది సూర్యోదయమునకు ఇంచుమించు గంటంబావు ముందు కలుగును. వీధిదీపముల కాంతియు మేడల వరుసలును అడ్డుపడుటచేత లేఅవుట్టు నివాసులకు ఆ రెండు వేకువల భేదమును కంట చూచు భాగ్యము లేదు. మసీదు గోడమీది వేళల పట్టికయే వారికి తూర్పుదిక్కు.

ఆ ప్రార్థన ముగిసిన తరువాత సూర్యుడు పొడుచువరకు గల కాలమే ప్రాతఃస్మరణకు, అనగా ‘సుబహ్ కే అజ్‌కార్’లకు ఉత్తమమైన సమయము. విశ్వాసులు దైవమును విరివిగా స్మరింపవలెననియు, ఉదయ సాయంకాలములందు ఆయన పవిత్రతను కొనియాడవలెననియు ఖురాను 33వ అధ్యాయమున ఆజ్ఞ కలదు. ఆ ఆజ్ఞ మదీనా మసీదులో ఎట్లు నడచెనో జాబిర్ బిన్ సమురా యను సహచరుడు చెప్పిన ముచ్చట నాకు మిక్కిలి ప్రియమైనది. మహాప్రవక్త ముహమ్మదు వారు ఫజ్ర్ ముగించి ప్రొద్దు పొడుచువరకు తాము నమాజు చేసిన తావుననే కూర్చుండెడివారట. చుట్టునున్న సహచరులు ఇస్లామునకు ముందటి అజ్ఞానకాలపు తమ పాత సంగతులు చెప్పుకొని నవ్వుకొనెడివారట. ప్రవక్తవారు విని చిరునవ్వు నవ్వెడివారట. స్మరణకాలమనగా ముఖములు బిగించుకొని కూర్చుండు కాలమని తలచువారు ఈ ముచ్చటను మరువరాదు.

స్మరణ వాక్యములు చాలవరకు పొట్టివి. ఖురానులోని ఆయతుల్ కుర్సీ యను వాక్యమును పఠించుట, ఖురాను చివరనున్న మూడు చిన్న సూరాలను మూడేసి మారులు చదువుట, దైవనామమును నూరుమారులు కొనియాడుట, ‘సయ్యిదుల్ ఇస్తిగ్‌ఫార్’ అను క్షమాయాచన చెప్పుట, ఆనాటి మేలును కోరి ఆనాటి కీడునుండి శరణు వేడుట, ఇవి అందు ముఖ్యములు. తడవు కూర్చుండుటయే గొప్పయని యెంచకుండుటకు కూడ ఒక దృష్టాంతము కలదు. ప్రవక్తవారి సతి జువైరియా గారు వేకువను నమాజు తావున కూర్చున్నవారు, ప్రవక్తవారు బయటకు వెళ్లి ప్రొద్దెక్కి తిరిగి వచ్చునప్పటికిని అట్లే కూర్చుండియుండగా చూచి, తాము ఆమెను విడిచి వెళ్లిన పిదప నాలుగు మాటలు మూడుమారులు పలికితిమనియు, ఆమె యుదయమెల్ల పలికినదానితో తూచినచో అవియే మొగ్గుననియు వారు చెప్పిరి. తీరికలేని గృహిణికిని, పొద్దుపొడువకముందే బండిని బయటకు తీయవలసిన డ్రైవరుకును ఈ మాట యెంత యూరటయో చెప్పనలవికాదు.

ఇక తిరగలి సంగతి. ప్రవక్తవారి కుమార్తె ఫాతిమా గారు తమ యింటి పిండి తామే విసరుకొనెడివారు. పిడి రాపిడికి అరచేతులు కాయలు కాచినవి. తండ్రియొద్దకు బందీలు వచ్చిరని విని, పనికి తోడుగా ఒకరిని అడుగుటకు వెళ్లిరి. తండ్రి ఇంట లేకుండుటచే ఆయిషా గారితో చెప్పి మరలివచ్చిరి. ఆ రాత్రి, దంపతులు పడకచేరిన తరువాత, తండ్రి తామే వచ్చి, వారిద్దరి నడుమ కూర్చుండి, సేవకునికంటె మేలైనదానిని చెప్పెదననిరి: శయనవేళ ముప్పదిమూడుమారులు సుబ్హానల్లాహ్, ముప్పదిమూడుమారులు అల్‌హందులిల్లాహ్, ముప్పదినాలుగుమారులు అల్లాహు అక్బర్ అనుడని. భర్తయగు అలీ గారు దీనిని చెప్పుచు, ఆనాటినుండి ఎన్నడును విడువలేదనగా, సిఫ్ఫీను యుద్ధపు రాత్రియందును విడువలేదా యని యొకరు ప్రశ్నించిరట. ఆ రాత్రియును విడువలేదని వారు బదులిచ్చిరి. ఇది పడకవేళకు చెప్పిన స్మరణయే యైనను, నమాజుల పిదప జేయు జపమునకును ఈ లెక్కయే కొద్ది భేదముతో నెలకొని, నేడు ముస్లిము ప్రపంచమున ‘తస్బీహె ఫాతిమా’ యను పేర సుప్రసిద్ధమై యున్నది. తిరగలి విసరిన చేతికి ఊరటగా దొరకిన మాట గనుకనే అది యింతగా వ్యాపించెనని నేననుకొందును.

లెక్కించుటకు మాలలు తరువాత వచ్చినవి. మొదట వ్రేళ్లే మాల. వ్రేళ్లమీద లెక్కింపుడు, రేపవి ప్రశ్నింపబడి మాటలాడును అని ప్రవక్తవారు స్త్రీలకు చెప్పినట్లు యుసైరా యను నామె మూలమున తెలియుచున్నది. హోసూరు బాట మలుపున తెల్లవారుజామున కంపెనీ బండికై నిలిచియున్నవాని కుడిచేతిని గమనింపుడు. బొటనవ్రేలు చిటికెనవ్రేలి అడుగు కణుపునుండి మొదలై, మూడు కణుపులును తాకి, ప్రక్కవ్రేలికి జారి, చూపుడువ్రేలిదాక పోయి మరల వెనుకకు వచ్చుచుండును. పెదవులు కదలుట కానరాదు. కన్నులు బాటమీదనే యుండును.

గ్రంథకర్తల పరంపరను తడవకుండ పోరాదు. ‘దివారాత్రముల ఆచరణ’ యను పేర మొదట ప్రవక్తవారి మాటలను చేతలను తెలుపు హదీసుల విద్వాంసుడు నసాయీయు (మరణము 915), ఆయన శిష్యుడు ఇబ్నుస్సున్నీయు (మరణము 974) స్మరణలను ప్రత్యేకముగా కూర్చిరి. 13వ శతాబ్దమున సిరియాదేశపు నవవీ ‘అల్ అజ్‌కార్’ను రచించెను. ఖురాను పఠన విద్యలో అగ్రగణ్యుడగు ఇబ్నుల్ జజరీ, 1389లో దమిష్కు పట్టణము ముట్టడిలో నుండగా, తలుపులు మూసిన ఆ నగరములోనే ‘అల్ హిస్నుల్ హసీన్’, దృఢదుర్గము, అను ప్రార్థనా సంకలనమును ముగించెను. గోడలు కాపాడునో లేదో తెలియని వేళ అక్షరములతో కోట కట్టుకొన్న ఆ పండితుని స్థితిని తలచినపుడు ఆ పేరు అలంకారము కాదని బోధపడును. భారతదేశమున మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ (1863-1943) ఇట్టి ప్రార్థనలనే యేడు దినములకు ఏడు మజిలీలుగా విభజించి ‘మునాజాతె మఖ్బూల్’ కూర్చెను. నేడు చొక్కాజేబులో ఇముడు ‘హిస్నుల్ ముస్లిం’ను సౌదీ విద్వాంసుడు సయీద్ అల్ ఖహ్తానీ 1988లో కూర్చగా, అది తెలుగుతోకూడ అనేక భాషలలోనికి వెళ్లినది.

అయితే అక్షరము రాని యింటికి ఈ పుస్తకములు చేరలేదు. దక్కనులో ఆ లోటును తీర్చినది మరల తిరగలియే. బహమనీ రాజ్యకాలమున ఢిల్లీ విడిచి గుల్బర్గా చేరిన సూఫీ గురువు ఖ్వాజా బందా నవాజ్ గేసూదరాజ్ (1321-1422) పేరను, ఆ తరువాత బీజాపురపు సూఫీల పేరను ‘చక్కీనామా’లనబడు పాటలు దక్కనీ భాషలో నిలిచియున్నవి. వీటినిగూర్చి అమెరికా చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1978లో ప్రకటించిన బీజాపుర సూఫీల చరిత్రలో విపులముగా వ్రాసెను. చక్కీనామా స్త్రీ తిరగలికడ కూర్చుండి పాడుకొను పాట. నిలువుగా నిలిచిన పిడి అరబీ మొదటి యక్షరమగు అలిఫ్‌గా, అనగా అల్లాహ్ నామముగా, అందు భావింపబడును. నడుమ నిలిచి రాతిని తిరుగనిచ్చు ఇరుసు ప్రవక్తగా భావింపబడును. చరణము చివర దైవనామము వచ్చును. రాయి ఒక చుట్టు తిరిగి వచ్చునప్పటికి నామము ఒక మారు పలుకబడును. మాలలో పూస జరుగుటకు బదులు ఇచ్చట రాయి తిరుగును, అంతియే. నూలు వడకుచు పాడు చర్ఖానామాలును, బిడ్డను నిద్రపుచ్చుచు పాడు లోరీనామాలును ఇట్టివే.

ఈటన్ యభిప్రాయములో నాకు ముఖ్యముగా తోచునది యొకటి కలదు. సూఫీల సూక్ష్మ సిద్ధాంతములు సామాన్యుల కందినవి కావు. వారి గృహములలోనికి ఇస్లామును తీసికొనిపోయినవి ఈ పనిపాటలు, తీసికొనిపోయినవారు స్త్రీలు. తల్లి విసరుచు పాడుచుండగా ఒడిలోని బిడ్డ విని పెరిగెను. తెలుగునేలయందు వేకువజామున తిరగలి పాటలు, దంపుడు పాటలు వినక పెరిగిన తరము మొన్నమొన్నటివరకు లేదు; సీతమ్మ కష్టములు ఎన్ని యిండ్లలో విసుర్రాతి చప్పుడుతో కలిసి వినబడెనో మనకు తెలియును. ప్రక్కవీధిలో అదే వేళను, అదే రాతి చప్పుడుమీద, వేరొక నామము పలుకుచుండెను.

బెంగుళూరునకు బీజాపురముతో గల సంబంధము దూరపుది కాదు. 1638లో రణదుల్లా ఖాను నాయకత్వమున బీజాపుర సైన్యము కెంపేగౌడునినుండి బెంగుళూరును గ్రహింపగా, అది షాజీ భోంసలే జాగీరయ్యెను. 1687లో మొగలాయిలు వచ్చువరకు ఇచ్చట బీజాపుర సుల్తానులగు ఆదిల్‌షాహీల పెత్తనమే చెల్లెను. బీజాపురమున అమీనుద్దీన్ ఆలా (మరణము 1675) వంటి సూఫీలు దక్కనీలో రచనలు చేయుచున్న కాలమును అదియే. నేడు లేఅవుట్టు చుట్టుప్రక్కల యిండ్లలో వినవచ్చు దక్కనీ మాట ఆ కుటుంబమునకే చెందినది.

తెలుగు మాతృభాషగా గల ముసల్మానులకు వేరొక కేంద్రము కలదు. బెంగుళూరునకు ఉత్తరమున, ఒకప్పుడు విజయనగర రాజులకు నివాసమైన పెనుకొండలో, బాబా ఫక్రుద్దీను సమాధి కలదు; తిరుచిరాపల్లి సూఫీ నత్తర్ వలీకి ఆయన శిష్యుడని సంప్రదాయము చెప్పును. పత్తిని ఏకుటయే వృత్తిగా గల దూదేకులవారికి ఆయన మిక్కిలి పూజ్యుడు. ఉర్దూ రాని ఈ కుటుంబములందు నమాజు అరబీలో జరిగినను, దాని పిదప చేతులెత్తి వేడుకొను దుఆ తెలుగులోనే జరుగుట సహజము. పెద్దలు అందుకు అడ్డు చెప్పలేదు: నమాజు వాక్యములు నియతములు, మనవి మాత్రము ఏ భాషలోనైనను చేసికొనవచ్చును. బిడ్డ జ్వరము తగ్గవలెననియో, అప్పు తీరవలెననియో, వాన కురియవలెననియో కోరు స్త్రీ అరబీ వ్యాకరణమును వెదకికొనునా! అనంతపురమున అధ్యాపకుడై యుండిన చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెలుగుచేసి యిచ్చుటకు చాలముందే, తెలుగుమాట ఆ యాకాశమునకు అలవాటుపడియే యున్నది.

వేకువకును జీవనోపాధికిని గల చుట్టరికము కూడ పాతదే. తన సముదాయమునకు వారి ప్రాతఃకాలములందు శుభము కలుగవలెనని ప్రవక్తవారు వేడుకొన్నట్లు చెప్పిన సఖ్ర్ అల్ గామిదీ స్వయముగా వర్తకుడు. తన సరకును దినారంభముననే పంపుచు ధనవంతుడయ్యెనని హదీసు గ్రంథములే చెప్పుచున్నవి. కూరగాయల బండిని తోసికొని సెక్టారు మలుపునకు చేరువాడును, రాత్రిపని ముగించుకొని తిరిగివచ్చి ఫజ్ర్ చదివి నిద్రకు పోవు కంప్యూటరు ఉద్యోగియు ఆ వర్తకుని వారసులే. అయితే వీరిలో తీరిక గలవారు తక్కువ. సూర్యోదయమువరకు కూర్చుండి, ప్రొద్దు కొంచెము పైకెక్కిన తరువాత ఇష్రాఖు నమాజు చదివి లేచువారు మసీదులో ముసలివారే. తక్కినవారు స్మరణను దారివెంట తీసికొనిపోవుదురు. దీనిని లోపమని నేను చెప్పజాలను. తిరగలికడ కూర్చున్న ఆ దక్కనీ స్త్రీ చేసినదియు ఇదియే గదా: పనిని విడిచి స్మరణకు పోలేదు, స్మరణను విడిచి పనికి పోలేదు.

నాకు గల ఆవేదన వేరు. రాయలసీమనుండి కొడుకుల యిండ్లకు, కూతుళ్ల యిండ్లకు వచ్చి, లేఅవుట్టు మేడలమీది గదులలో మనుమలను సాకుచున్న ముసలమ్మలు కొందరు చిన్ననాట తిరగలికడ విన్నవారు, పాడినవారు. ఇంట తిరగలి లేదు, మిక్సీ యొక నిముసములో పని ముగించును, పాటకు తావు లేదు. మనుమడు ఫోనులో వచ్చిన స్మరణను అరబీ ఉచ్చారణ తప్పకుండ నేర్చుకొనుచున్నాడు, అదియు మంచిదే. కాని అవ్వ నోట నున్నది ఏ పుస్తకమునను లేదు. ఆమె దక్కనీలో తెలుగుమాటలు కలిసియుండును, తెలుగులో అరబీ నామములు కలిసియుండును. దానిని శుద్ధిచేయబోక, ఉన్నది ఉన్నట్లు తెలుగులిపిలో వ్రాసికొనవలెను, గొంతును పట్టి యుంచవలెను. ఇందుకు విశ్వవిద్యాలయము అక్కరలేదు. సెలవునాటి యుదయము, ఫజ్ర్ తరువాత, ఆమె ప్రక్కన కూర్చుండి, అవ్వా, మీ యమ్మ విసరుచు ఏమి పాడెడిదని అడుగు మనుమరాలు చాలును. పాట గుర్తునకు రాకున్నచో పిడి పట్టినట్లు చేయిని త్రిప్పుమనవలెను, ఆ చేతితో పదములు వాటంతట అవియే రావచ్చును.