సికింద్రాబాదు - హైదరాబాదు జంటనగరాలలో రేబీస్ నివారణ

రేబీస్ (జలభీతి వ్యాధి) వైరస్ వలన కలిగే ప్రాణాంతకమైన వ్యాధి. భారతదేశంలో ఇది మనుషులకు ఎక్కువగా కుక్కకాటు ద్వారా సోకుతుంది. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 59 వేల మంది ఈ వ్యాధితో మరణిస్తున్నారని అంచనా. లక్షణాలు బయటపడిన తరువాత దాదాపు ఎవరూ బ్రతకరు. అయితే కాటు పడిన వెంటనే సరియైన చికిత్స పొందితే ఈ మరణాన్ని తప్పించవచ్చును.

== వ్యాధి సోకే విధానం ==

వ్యాధిగ్రస్తమైన జంతువు లాలాజలంలోని వైరస్ గాయం ద్వారా ప్రవేశించి, నరాల వెంట మెదడును చేరుతుంది. ఇందుకు సాధారణంగా ఒకటి నుండి మూడు నెలలు పడుతుంది. ఈ వ్యవధి ఉండటం వల్లనే కాటు తరువాత ఇచ్చే టీకా పనిచేస్తుంది. తల, ముఖం, చేతులపై కాట్లు మరింత ప్రమాదకరం. బాధితులలో సుమారు 40 శాతం 15 సంవత్సరాల లోపు పిల్లలే.

== ప్రథమ చికిత్స ==

గాయాన్ని కుళాయి నీటి ధార క్రింద సబ్బుతో 15 నిమిషాలపాటు కడగాలి. పిమ్మట అయోడిన్ వంటి క్రిమిసంహారిణి పూయాలి. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు వంటివి గాయానికి పెట్టరాదు. వీటి వలన కడగటం ఆలస్యమవుతుంది, గాయం రేగుతుంది. పసరు వైద్యంతో, మంత్రాలతో కాలయాపన చేయటం ప్రాణాలకు ముప్పు.

== గాయం తీవ్రత, చికిత్స ==

* మొదటి తరగతి: చర్మం చెక్కుచెదరనప్పుడు తాకటం, నాకటం. టీకా అవసరం లేదు.
* రెండవ తరగతి: రక్తం రాని గీరుడు. టీకా అవసరం.
* మూడవ తరగతి: రక్తం వచ్చిన కాటు లేదా గీరుడు, గాయంపై నాకటం. టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి.

ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను గాయం లోపల, చుట్టూ ఎక్కిస్తారు. టీకా పనిచేయటం మొదలయ్యే వరకు ఇది రక్షణ కల్పిస్తుంది. కండరానికి ఇచ్చే టీకాను 0, 3, 7, 14, 28 రోజులలోను, చర్మంలోనికి ఇచ్చేదానిని 0, 3, 7, 28 రోజులలోను ఇస్తారు. గాయం మానినంత మాత్రాన మధ్యలో ఆపరాదు. గర్భిణులు కూడా ఈ టీకా తీసుకొనవచ్చును.

== చరిత్ర ==

1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొలిసారిగా మనిషికి రేబీస్ టీకా వేయించాడు. ఆ తరువాత భారతదేశంలో గొర్రె మెదడు నుండి తయారు చేసిన టీకాను దశాబ్దాల పాటు వాడారు. బొడ్డు చుట్టూ ఇచ్చే ఈ ఇంజక్షన్ల భయం ప్రజలలో ఇంకా ఉన్నది. దీని ఉత్పత్తి 2005 నాటికి దేశంలో నిలిచిపోయింది. ఇప్పటి టీకాలను భుజానికి వేస్తారు.

== జంటనగరాలలో సదుపాయాలు ==

నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ కుక్కకాటు టీకాలకు పేరుపొందినది. నల్లకుంటలోని సర్ రోనాల్డ్ రాస్ సంస్థను ప్రజలు ఫీవర్ ఆసుపత్రి అని, కోరంటి దవాఖానా అని పిలుస్తారు. రేబీస్ లక్షణాలతో వచ్చేవారిని ఇక్కడ చేర్చుకుంటారు. 1982లో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ప్రధాన కార్యాలయం గచ్చిబౌలిలో ఉన్నది. ఈ సంస్థ మనుషులకు అభయ్‌రాబ్, జంతువులకు రక్షారాబ్ టీకాలను తయారుచేస్తున్నది.

== కుక్కలకు టీకాలు ==

ఒక ప్రాంతంలోని కుక్కలలో 70 శాతానికి టీకా వేస్తే వ్యాధి వ్యాప్తి ఆగుతుంది. సికింద్రాబాదులో కంటోన్మెంటుకు, దాని చుట్టూ ఉన్న నగరానికి మధ్య కుక్కలకు అడ్డు లేదు. కనుక ఒకవైపు మాత్రమే టీకాలు వేస్తే ఫలితం నిలువదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు శస్త్రచికిత్సతో పాటు రేబీస్ టీకా కూడా వేయాలి. కుక్కల ద్వారా వచ్చే రేబీస్‌ను 2030 నాటికి నిర్మూలించాలని 2021లో కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది.