ధాత కరువులో పౌను గింజలు

1800లో నిజాం దత్తమండలాలను కుంఫిణీకి అప్పగించాక బళ్లారి మెట్టనేల శిస్తు లండన్‌లో చదివే పుస్తకాలతో ముడిపడింది.

తొలి ప్రిన్సిపల్ కలెక్టర్ థామస్ మన్రో మాత్రం పుస్తకం కంటే పొలాన్నే ఎక్కువ నమ్మాడు. ఏడేళ్లు గుడారాల్లో తిరుగుతూ పొలం పొలం కొలిపించాడు. జమీందారును మధ్యన పెట్టకుండా రైతుకే పట్టా ఇచ్చే రైత్వారీ పద్ధతి ఇక్కడ వేళ్లూనింది అతని చేతిలోనే. పంటలో దాదాపు 45 శాతం శిస్తుకే పోతోందనీ, మూడో వంతుకు దించితే తప్ప భూమికి విలువ రాదనీ 1807లో రాశాడు. పైవాళ్లు వినలేదు. ఊళ్లను గుత్తకిచ్చి చూశారు, అదీ పొసగలేదు. చివరికి 1820లో అతనే మద్రాసు గవర్నరై వచ్చాక శిస్తు తగ్గింది. సీమలో మన్రోలప్ప అనే పేరు పెట్టుకున్నవాళ్లు ఊరికే పుట్టలేదు.

ఈలోగా 1817లో రికార్డో కౌలు సిద్ధాంతం అచ్చయింది. ఖర్చులన్నీ పోగా నేలలో మిగిలేది ఎవరి కష్టఫలమూ కాదు కాబట్టి సర్కారు నిశ్చింతగా తీసుకోవచ్చని జేమ్స్ మిల్ ఈస్టిండియా హౌస్‌లో కూర్చుని తేల్చాడు. 1860లలో మద్రాసు సర్కారు నికర ఫలంలో సగాన్ని శిస్తుకు కొలతగా పెట్టుకుంది. కాగితం మీద లెక్క చక్కనిదే. కానీ ఖర్చు ఎంతని రాయాలో, ఏ నేలను ఏ తరంలో వేయాలో తేల్చేది దొరలూ వాళ్ల కింది గుమాస్తాలూ. పట్టాయే లేని మాల మాదిగ కూలీలైతే ఆ లెక్కలో ఎక్కడా లేరు.

వాళ్లు లెక్కలోకి వచ్చింది 1876లో, ధాత నామ సంవత్సరపు కరువుతో. వానలు ఎగ్గొట్టాయి. మద్రాసు సర్కారు మొదట్లో గుట్టుగా ధాన్యం కొంటే, వైస్రాయి లిట్టన్ ఆపించాడు: వర్తకంలో సర్కారు వేలు పెట్టరాదు. 1776 నాటి ఆడం స్మిత్ గ్రంథం నేర్పిన పాఠమది. ధాన్యం రైలెక్కి స్టేషను దాకా వచ్చినా, ఎడ్లు చచ్చిన ఊళ్లకు బండి కట్టేదెవరు? కట్టినా, కొనే డబ్బెవరి దగ్గరుంది?

1877 జనవరిలో లిట్టన్ రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. చిత్రమేమంటే, 1874 బిహార్ కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించింది ఈ టెంపులే. ఖర్చు ఎక్కువైందని చీవాట్లు తిన్నాడు. ఈసారి పాఠం బాగా ఒంటబట్టింది: కరువు పనికొచ్చిన మగవాడికి రోజుకు పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర. అంటే 450 గ్రాముల గింజలు తిని రాళ్లు కొట్టాలి. ఒళ్లు వంచి పనిచేసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అంకెలతో వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెరిగింది, చాలామందికి ఆలస్యంగా.

1871, 1881 జనగణనల మధ్య బళ్లారిలో దాదాపు ఐదో వంతు జనం తగ్గారు. ఎక్కువగా పోయింది కూలీలూ చేతివృత్తులవాళ్లూ. 1880లో కరువు కమిషన్ నివేదిక, ఆ వెంట కరువు నిబంధనలు వచ్చాయి. ధాన్యం వ్యాపారాన్ని మాత్రం వర్తకులకే వదిలేశారు.