ఓవర్‌టేక్ చేస్తే కలిసొచ్చేది 5 సెకన్లే.. ఆటోనగర్ రూట్‌లో దూకుడు డ్రైవర్ ఎదురైతే ఏం చేయాలి?

విశాఖపట్నం: సాయంత్రం ఆరున్నర. ఆటోనగర్‌లో డ్యూటీ దిగి బైక్‌పై ఇంటికి బయల్దేరారు. ముందు కంటైనర్ ట్రైలర్.. వెనకాల హారన్ మీద హారన్ కొడుతున్న కారు. సైడ్ ఇద్దామంటే చోటు లేదు. అంతలో ఆ కారు ఎడమ వైపు నుంచి దూసుకొచ్చి, కట్ కొట్టి, మీ ముందే సడన్‌గా బ్రేక్ వేసింది. గుండె ఆగినంత పనైంది. పైగా అద్దం దించి ఓ మాట కూడా అన్నాడు. ఇప్పుడు మీరేం చేస్తారు?

గాజువాక వైపు రోజూ తిరిగేవాళ్లకి ఈ సీన్ కొత్తేం కాదు. అప్పుడు చాలామందికి అనిపించేది ఒక్కటే.. యాక్సిలరేటర్ తిప్పి వాడి వెంట పడాలని. అసలు ప్రమాదం మొదలయ్యేది అక్కడే. అలాంటప్పుడు ఏం చేయాలి? ఏం చేయకూడదు? చట్టం ఏం చెబుతోంది? ఫిర్యాదు ఎలా చేయాలి? అన్నీ ఇక్కడ చూద్దాం.

ఈ రూట్‌లోనే ఎందుకింత టెన్షన్?

చెన్నై–కోల్‌కతా హైవే, అంటే ఎన్‌హెచ్-16, విశాఖలో ఊరి మధ్య నుంచే వెళ్తుంది. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, షీలానగర్, గాజువాక, కూర్మన్నపాలెం, అగనంపూడి.. అన్నీ దీని మీదే. పోర్టు నుంచి వచ్చే కంటైనర్లు షీలానగర్ దగ్గర ఈ హైవేలో కలుస్తాయి. హెచ్‌పీసీఎల్ వైపు నుంచి ఆయిల్ ట్యాంకర్లు, స్టీల్‌ప్లాంట్ నుంచి రాడ్లు, కాయిల్స్ ఎత్తుకున్న ట్రైలర్లు, పరవాడ ఫార్మాసిటీ స్టాఫ్ బస్సులు కూడా ఇదే దారి. రిపేరు కోసమో, బాడీ కట్టించడానికో ఆటోనగర్‌కి వచ్చే లారీలు సరేసరి. వీటి మధ్యలోనే షేర్ ఆటోలు, ఆర్టీసీ బస్సులు, వేల బైకులు.

ఆనందపురం–అనకాపల్లి ఆరు లేన్ల రోడ్డు వచ్చాక ఊరితో పనిలేని లారీలు సబ్బవరం మీదుగా వెళ్లిపోయే వీలు దొరికింది. కానీ పోర్టుతోనో, స్టీల్‌ప్లాంట్‌తోనో, ఆటోనగర్‌తోనో పనున్న బండి ఇటు రాక తప్పదు. షిఫ్ట్ మారే టైమ్‌లో అందరూ ఒకేసారి రోడ్డెక్కుతారు. అందరికీ తొందరే. ఓపిక తగ్గేది అప్పుడే.

లెక్క చూస్తే షాక్ అవుతారు

ఒక్క ట్రైలర్‌ని ఓవర్‌టేక్ చేస్తే మీకు కలిసొచ్చే టైమ్ ఎంత? చిన్న లెక్క వేద్దాం.

- 40 అడుగుల కంటైనర్ ఉన్న ట్రైలర్ ఇంజిన్‌తో కలిపి సుమారు 16 మీటర్ల పొడవు ఉంటుంది. వెనకాల 20 మీటర్ల గ్యాప్, దాటాక ముందు 20 మీటర్ల గ్యాప్ అనుకుంటే.. మొత్తం 56 మీటర్లు.
- ట్రాఫిక్ 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే సెకనుకి 11 మీటర్లు కదులుతుంది. అంటే ఆ 56 మీటర్లు మీకు కలిసొచ్చేది కేవలం 5 సెకన్లు.
- అదే ట్రైలర్‌ని 55 కిలోమీటర్ల వేగంతో దాటడానికి పట్టే టైమ్ సుమారు 13 సెకన్లు. ఆలోపు 200 మీటర్లు వెళ్లిపోతారు.

5 సెకన్లు మిగుల్చుకోవడానికి 13 సెకన్లు భారీ చక్రాల పక్కన గడుపుతున్నామన్నమాట. పైగా ముందు గాజువాక జంక్షన్ సిగ్నల్ ఎర్రగా ఉంటే ఆ 5 సెకన్లు కూడా పోయినట్టే. కట్ కొట్టి వెళ్లిన కారు మీ పక్కనే ఆగి ఉంటుంది.

రోడ్డు మీద జరిగే గొడవల్లో చాలావరకు ఈ నాలుగైదు సెకన్ల కోసమే!

లారీ డ్రైవర్‌కి మీరు కనిపించకపోవచ్చు

'ఎంత హారన్ కొట్టినా సైడ్ ఇవ్వట్లేదు, కావాలనే చేస్తున్నాడు' అనుకుంటాం. చాలాసార్లు నిజం వేరు. ట్రైలర్ డ్రైవర్‌కి కనిపించని చోట్లు నాలుగున్నాయి. క్యాబిన్‌కి సరిగ్గా ముందు, బండికి సరిగ్గా వెనకాల, కుడి వెనక చక్రాల పక్కన, ఎడమ వైపు. డ్రైవర్ కూర్చునేది కుడి వైపు కాబట్టి ఎడమ వైపు కనిపించని చోటు అన్నింటికంటే పెద్దది. అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనిపించకపోతే, మీరు కూడా ఆయనకి కనిపించట్లేదని లెక్క.

ఇంకో విషయం. హైవే లేన్ వెడల్పు 3.5 మీటర్లు. లారీ వెడల్పు 2.6 మీటర్ల వరకూ ఉంటుంది. రెండు పక్కలా కలిపి మిగిలేది 90 సెంటీమీటర్లు. బైక్ హ్యాండిలే సుమారు 70 నుంచి 80 సెంటీమీటర్లు ఉంటుంది. మరి ఆ సందులో దూరితే?

మలుపుల దగ్గర మరీ జాగ్రత్త. హైవే మీద నుంచి ఆటోనగర్ లోపలి రోడ్లలోకి ఎడమకి తిరగాల్సిన ట్రైలర్ ముందు కాస్త కుడికి వెళ్తుంది. ఎడమ వైపు ఖాళీ కనిపిస్తుంది. 'సైడ్ ఇచ్చాడు' అనుకుని బైక్ దూరుస్తారు. కానీ వెనక చక్రాలు లోపలి వైపుకి కోసుకుంటూ వస్తాయి. ఆ ఖాళీ మూసుకుపోతుంది. ఎడమ ఇండికేటర్ వేసిన లారీకి ఎడమ వైపు అస్సలు వెళ్లొద్దు.

బ్రేక్ సంగతి కూడా తెలుసుకోవాలి. పెద్ద ట్రైలర్ లోడుతో కలిపి 55 టన్నుల వరకూ ఉండొచ్చని చట్టమే అనుమతిస్తోంది. లారీలో ఉండేది ఎయిర్ బ్రేక్. పెడల్ తొక్కాక గాలి చక్రాల దాకా చేరడానికి ఓ క్షణం పడుతుంది. స్టీల్ లోడుతో సడన్ బ్రేక్ వేస్తే సరుకు జారి క్యాబిన్ మీదకి రావొచ్చు. సగం నిండిన ట్యాంకర్ అయితే లోపలి ఆయిల్ అల పోటెత్తినట్టు బండిని ముందుకి తోస్తుంది. మీరు కట్ కొట్టి ముందుకి వచ్చేస్తే ఆయన ఆపాలనుకున్నా ఆగకపోవచ్చు.

వెనకాల అంటుకుని వస్తుంటే ఏం చేయాలి?

- ముందుగా స్పీడ్ పెంచొద్దు. మీరు పెంచితే అతనూ పెంచుతాడు.
- బుద్ధి చెబుదామని సడన్ బ్రేక్ అస్సలు వేయొద్దు. గుద్దుకుంటే దెబ్బ తగిలేది మీకే.
- ముందున్న బండికి గ్యాప్ పెంచండి. కనీసం 2 సెకన్లు, వాన పడితే 4 సెకన్లు. ముందు బండి ఓ స్తంభాన్ని దాటగానే నెమ్మదిగా లెక్కపెట్టండి. గ్యాప్ ఉంటే మీరు మెల్లగా ఆగగలరు, వెనకాలవాడికీ టైమ్ దొరుకుతుంది.
- చోటు దొరకగానే ఎడమ ఇండికేటర్ వేసి, మెల్లగా ఎడమకి వచ్చి పోనివ్వండి.
- అతను పక్కకి వచ్చి తిట్టినా కళ్లలోకి చూడొద్దు, చెయ్యి చూపించొద్దు, తిరిగి హారన్ కొట్టొద్దు. తప్పు మీదైతే చెయ్యెత్తి సారీ అన్నట్టు చూపించండి. సగం గొడవలు అక్కడే చల్లారిపోతాయి.

వెంటపడితే? బండి అడ్డం పెడితే?

ఒక్కోసారి పోనిచ్చినా ఆగరు. వెంటపడతారు, అడ్డం పెడతారు. అప్పుడు ఇలా చేయండి.

- ఇంటికి వెళ్లొద్దు. మీ ఇల్లు ఎక్కడో చూపించినట్టవుతుంది.
- జనం, లైట్లు, సీసీ కెమెరాలు ఉన్న చోటుకి వెళ్లండి. పెట్రోల్ బంక్ మంచి చోటు. ఈ ఏరియాలో గాజువాక, దువ్వాడ, మల్కాపురం, స్టీల్‌ప్లాంట్ పోలీస్ స్టేషన్లున్నాయి. దగ్గరున్న దానికి బండి తిప్పండి.
- కారులో ఉంటే దిగొద్దు. డోర్లు లాక్ చేసి, అద్దాలు మూసి, ఇంజిన్ ఆపకుండా 112కి కాల్ చేయండి. ముందు బండికి మరీ దగ్గరగా ఆపకండి, పక్కకి తిప్పుకుని వెళ్లేంత చోటు ఉంచుకోండి.
- బైక్‌పై ఉంటే జనం ఉన్న షాపు ముందు ఆపి లోపలికి వెళ్లిపోండి. హెల్మెట్ తీయొద్దు.
- బండికి గీత పడినా సరే, నడిరోడ్డు మీద పంచాయితీ పెట్టొద్దు. నంబర్, ఫొటో చాలు. మిగతాది ఇన్సూరెన్స్, పోలీసులు చూసుకుంటారు.

చట్టం ఏం చెబుతోంది?

2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం ఓవర్‌టేక్ చేయాల్సింది కుడి వైపు నుంచే. ముందు బండి కుడికి తిరగడానికి ఇండికేటర్ వేసి పక్కకి వచ్చినప్పుడు మాత్రం ఎడమ వైపు నుంచి వెళ్లొచ్చు. చాలామందికి తెలియని రూల్ ఇంకోటి ఉంది. మిమ్మల్ని ఎవరైనా ఓవర్‌టేక్ చేస్తుంటే మీరు స్పీడ్ పెంచకూడదు, అడ్డు తగలకూడదు.

ఇక శిక్షల సంగతి..

- మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184: ప్రమాదకర డ్రైవింగ్. రూల్స్‌కి విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం, రాంగ్ రూట్, సిగ్నల్ జంప్, చేతిలో ఫోన్.. అన్నీ దీని కిందకే రావొచ్చు. మొదటిసారి 6 నెలల నుంచి ఏడాది జైలు, లేదా వెయ్యి నుంచి 5 వేల రూపాయల ఫైన్, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే 2 ఏళ్ల వరకూ జైలు, లేదా 10 వేల ఫైన్, లేదా రెండూ.
- సెక్షన్ 194ఈ: అంబులెన్స్‌కి దారి ఇవ్వకపోతే 10 వేల ఫైన్, లేదా 6 నెలల వరకూ జైలు, లేదా రెండూ.
- భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 281: ప్రాణాలకి ముప్పు కలిగేలా ర్యాష్ డ్రైవింగ్ చేస్తే 6 నెలల వరకూ జైలు.
- సెక్షన్ 126: బండి అడ్డం పెట్టి కదలనివ్వకపోతే నెల వరకూ జైలు, లేదా 5 వేల వరకూ ఫైన్, లేదా రెండూ.
- సెక్షన్ 115: కొట్టి గాయపరిస్తే ఏడాది వరకూ జైలు. సెక్షన్ 351: బెదిరిస్తే 2 ఏళ్ల వరకూ జైలు.
- సెక్షన్ 106: నిర్లక్ష్యంతో ప్రాణం పోతే 5 ఏళ్ల వరకూ జైలు.

గమనించారా? అడ్డం పెట్టింది, కొట్టింది మీరైతే కేసు మీ మీదే. 'ముందు వాడే కట్ కొట్టాడు' అంటే మీ కేసు పోదు.

ఒక్క దెబ్బ.. 33 ఏళ్ల కేసు

మాజీ క్రికెటర్, రాజకీయ నాయకుడు నవజ్యోత్ సింగ్ సిద్ధూ కేసు గుర్తుందా? 1988 డిసెంబర్ 27న పటియాలాలో బండి దారి దగ్గర మొదలైన మాటామాటా గొడవగా మారింది. దెబ్బలు తిన్న 65 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. 1999లో కింది కోర్టు కేసు కొట్టేసింది, 2006లో హైకోర్టు శిక్ష వేసింది. 2018లో సుప్రీంకోర్టు వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టింది. బాధిత కుటుంబం ఊరుకోలేదు, రివ్యూకి వెళ్లింది. 2022 మే 19న అదే సుప్రీంకోర్టు ఏడాది కఠిన శిక్ష వేసింది. బలమైన మనిషి చెయ్యి కూడా ఆయుధమే అవుతుందని కోర్టు చెప్పింది. సిద్ధూ 2023 ఏప్రిల్ 1న జైలు నుంచి బయటికొచ్చారు.

కొన్ని నిమిషాల గొడవ. ఓ ప్రాణం పోయింది. కేసు 33 ఏళ్లు నడిచింది.

ఫిర్యాదు ఎలా చేయాలి?

- ముందు గుర్తుపెట్టుకోవాల్సింది బండి నంబర్. మొత్తం గుర్తుండకపోతే చివరి నాలుగు అంకెలు, బండి రకం, రంగు, టైమ్, చోటు. పక్కకి ఆపి ఫోన్‌లో రాసుకోండి లేదా వాయిస్ రికార్డ్ చేయండి.
- నడుపుతూ ఫోన్‌తో వీడియో తీయొద్దు. అలా చేస్తే సెక్షన్ 184 కింద మీరే దొరుకుతారు! పక్కన కూర్చున్నవాళ్లు తీయొచ్చు, లేదా డ్యాష్‌క్యామ్ పెట్టించుకోండి.
- వీడియోని కట్ చేయొద్దు, పాటలు కలపొద్దు. ఒరిజినల్ ఫైల్ అలాగే ఉంచండి. కోర్టులో సాక్ష్యంగా ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కూడా కావాలి.
- సీసీ కెమెరా ఫుటేజీ ఎక్కువ రోజులు ఉండదు. చుట్టుపక్కల షాపులు, బంకుల్లో ఉందేమో వెంటనే అడగండి, పోలీసులకీ చెప్పండి.
- ఘటన జరిగింది ఏ స్టేషన్ పరిధో తెలియకపోయినా ఫర్వాలేదు. కేసు నమోదు చేయదగ్గ నేరమైతే ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో సమాచారం ఇస్తే 3 రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి.
- లారీ మీద కంపెనీ పేరు, ఫోన్ నంబర్ ఉంటే ఓనర్‌కి కూడా చెప్పండి.

మరి ఆ డ్రైవర్ మనమే అయితే?

దూకుడు డ్రైవర్ అంటే ఎప్పుడూ అవతలివాడే అనుకుంటాం. డ్యూటీలో తిట్లు తిన్న రోజు, నిద్ర లేని రోజు, లేట్ అయిన రోజు మనమూ అలాగే నడుపుతాం. లారీ డ్రైవర్ల పరిస్థితి మరీ కష్టం. రాత్రంతా నడిపి పొద్దున్నే లోడింగ్ క్యూలో నిలబడి ఉండొచ్చు. అది అడ్డగోలు డ్రైవింగ్‌కి సాకు కాదు.. కానీ ఆయన మీతో పగబట్టి లేడని గుర్తుంటే మన కోపం సగం తగ్గుతుంది. పళ్లు బిగుసుకుంటున్నాయా? స్టీరింగ్ గట్టిగా పట్టుకుంటున్నారా? పక్కకి ఆపి ఓ టీ తాగి బయల్దేరండి.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో దాదాపు 44 శాతం టూ వీలర్లపై వెళ్తున్నవాళ్లే. 71 శాతం మరణాలకి కారణం ఓవర్ స్పీడ్.

ఈ నంబర్లు సేవ్ చేసుకోండి

- 112: ఎమర్జెన్సీ, పోలీస్
- 108: అంబులెన్స్
- 1033: జాతీయ రహదారుల హెల్ప్‌లైన్
- 181: మహిళల హెల్ప్‌లైన్

ప్రమాదం కళ్ల ముందు జరిగితే సాయం చేయడానికి భయపడొద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134ఏ సాయం చేసినవాళ్లకి రక్షణ ఇస్తోంది. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

రేపు సాయంత్రం మళ్లీ అదే రోడ్డు, అదే హారన్. ఎవరైనా కట్ కొడితే ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టండి. అతనికి కలిసొచ్చింది అంతే.. పోనివ్వండి.