పచ్చ బటన్ కోసం రాత్రి నడక

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో దూరం నుంచి యంత్రాన్ని నడిపే విద్య మొదట అబ్బింది బోరు మోటారుకే. ఇంట్లో ఫ్యాన్లూ లైట్లూ ఫోను మాట వినడం ఆ తరువాతి సంగతి. తరాలుగా చెరువులనూ బావులనూ నమ్ముకున్న ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలివి. అవి ఎండిపోయాక బోర్లు వెయ్యి అడుగుల దాకా దిగాయి. టమాటా, మల్బరీ ఆ నీళ్ల మీదే నిలబడ్డాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది, రోజుకు 7 గంటలు. ఆ గంటలు విడతలుగా వచ్చేవి. ఒక విడత తరచూ రాత్రిపూటే పడేది.

ఇక్కడ స్టార్టరు గురించి కొంచెం చెప్పాలి. పచ్చ బటన్ నొక్కితే లోపలి కాయిల్ అయస్కాంతమై కాంటాక్టులను పట్టి ఉంచుతుంది. కరెంటు పోగానే పట్టు వదిలేస్తుంది. మళ్లీ కరెంటు వచ్చినా మోటారు తనంతట తాను తిరగదు, ఎవరో ఒకరు వెళ్లి నొక్కాల్సిందే. మరమ్మతు చేసే మనిషి చెయ్యి తీగల మీద ఉండగా మోటారు హఠాత్తుగా తిరగకూడదని చేసిన ఏర్పాటు అది. మంచి ఏర్పాటే. కానీ రాత్రి రెండింటికి త్రీఫేజు వస్తే టార్చిలైటుతో గట్ల మీద నడిచే రైతుకు పాము భయం. తడి చేత్తో ఇనుప డబ్బా తెరిస్తే షాకు భయం. ఆ నడకలో ప్రాణం పోగొట్టుకున్న రైతులు రాయలసీమ అంతటా ఉన్నారు.

ఆటో స్టార్టరు ఈ కష్టం తీర్చడానికే వచ్చింది. స్టార్టరు పక్కన బిగించే చిన్న పెట్టె అది. మూడు ఫేజులూ సరిగ్గా వచ్చాయో లేదో చూసి, కొన్ని సెకన్లు ఆగి, పచ్చ బటన్ పని తానే చేస్తుంది. రైతు నిద్రపోయాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం నిద్ర పట్టలేదు. ఇలాంటి మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ఓల్టేజీ కుప్పకూలుతుంది, వైండింగులు కాలుతాయి. పైగా నీళ్లు అక్కర్లేని రోజు కూడా మోటారు తిరుగుతుంది. 2018లో తెలంగాణ 24 గంటల ఉచిత కరెంటు మొదలుపెట్టినప్పుడు, భూగర్భజలం కోసం ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను అక్కడి ప్రభుత్వమే కోరింది.

అవసరమైనప్పుడే మోటారు నడపడానికి దారి సెల్‌ఫోన్‌లో దొరికింది. రాత్రిపూట పంపు వేయడానికి పొలానికి నడిచిన తాతగారి అవస్థ పుణె ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్‌ను కదిలించింది. ఫోను చేసి మోటారు నడిపే 'నానో గణేశ్' పరికరాన్ని ఆయన తయారుచేశారు. ఇప్పుడు ఎన్నో కంపెనీల మొబైల్ స్టార్టర్లు ఉన్నాయి. లోపల ఒక సిమ్ ఉంటుంది. ఫోను చేసి అంకె నొక్కితే రిలే అనే స్విచ్ పనిచేస్తుంది, మోటారు లేస్తుంది. బోరులో నీళ్లు తగ్గితే మోటారు లాగే కరెంటు పడిపోతుంది. మంచి రకాలు దాన్ని గుర్తించి ఆపేస్తాయి. వెయ్యి అడుగుల లోతు నుంచి కాలిన మోటారును పైకి లాగడానికి అయ్యే ఖర్చు తెలిసినవారికే దాని విలువ తెలుస్తుంది.

ఇంటి పరికరాలను దూరం నుంచి నడపడానికి 1975లో స్కాట్లాండ్‌లోని పికో ఎలక్ట్రానిక్స్ ఇంటి కరెంటు తీగల మీదే సంకేతాలు పంపే ఎక్స్10 పద్ధతిని రూపొందించింది. అక్కడ ఇంట్లో మొదలైన ఆ విద్య మన దగ్గర చేను నుంచి ఇంటికి నడిచింది. మిద్దె మీది ట్యాంకు నిండగానే మోటారును ఆపే పెట్టెది కూడా ఈ వరసే.

   

ఇక్కడ వ్యవసాయానికి పగలే 9 గంటల కరెంటు ఇవ్వాలన్న విధానం వచ్చాక రాత్రి నడక తగ్గింది. అయినా ఆటో స్టార్టర్లు చేలల్లో ఉన్నాయి. వాటిని వాడే రైతులకు ఒక విన్నపం. పక్క మోటారు కన్నా మీది కొన్ని సెకన్లు ఆలస్యంగా లేచేలా సెట్ చేయించండి, ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం తగ్గేలా కెపాసిటర్ బిగించండి. స్టార్టరు డబ్బా తెరిచేముందు ఆటో స్విచ్‌తో పాటు మెయిన్ కూడా ఆపండి.